నాది అనే పాఠం

భూమి పట్టాల విచారణ రోజుకల్లా అయిపోవలసిన పనులివి. సత్పథీ బాబు ఇచ్చిన పాఠ్య పథకంలో మొదటి పాఠాన్ని వెనక్కి జరపాలి. ఆడవాళ్లను వాళ్ల వాళ్ల ఇళ్ల నుంచి చేట, కొడవలి, దువ్వెన తెమ్మనాలి. వాన పడితే కూర్చోవడానికి ఎవరి వసారా అయినా అడిగి పెట్టుకోవాలి. ‘ఇది ఎవరిది?’ అనే ఒడియా ప్రశ్నకు వాళ్ల చెవులు అలవాటు పడాలి. అన్నిటికన్నా ముఖ్యం, గురుబారి అత్త చేత ఒక్క వాక్యం పలికించాలి. ఈ కొండవాలు నాది.

గురుబారి కన్హర్ నాకు వరసకు అత్త. ఆమె, మామ కలిసి ఆ వాలు మీద రాళ్లేరి పసుపు వేశారు. మామ పోయాక ఆమె ఒక్కతే చేసుకుంటోంది. అడవి భూమికి పట్టాలిస్తారని, ఎవరి భూమి గురించి వాళ్లే వచ్చి చెప్పుకోవాలని కబురొచ్చింది. అంతకుముందు ఒకసారి సంత నుంచి వచ్చిన దళారి మా కుయి భాషను ఒడియాలోకి మార్చి చెబుతానని, అధికారులకు తనకు నచ్చినట్టు చెప్పిపోయాడు. అప్పుడే ఆడవాళ్లు పట్టుబట్టారు, మా మాట మేమే చెప్పుకుంటాం, మాకు ఒడియా నేర్పించండి అని. ఊళ్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నా మీద పడింది.

సత్పథీ బాబు ఊళ్లలో పాఠాలు చెప్పే మాకు పాఠ్య పథకాలు రాయడం నేర్పినాయన. ఆయన రాసిన మొదటి పాఠం ‘మన ఊరు, మన భూమి’. బొమ్మలు బాగున్నాయి. కానీ ఆ పాఠం నిండా ‘ఆమర’ అనే మాటే.

“బాబూ, మా కుయిలో మాది వేరు, మనది వేరు. మాది అంటే మా ఇంటివాళ్లది, వినేవాడికి అందులో వాటా లేదు. మనది అంటే అతనిది కూడా. ఒడియాలో రెండింటికీ ఆమర ఒక్కటే. మా వాళ్లు మాది అనుకుని ఆ మాట అంటే, వినే అధికారి మనది అనుకుంటాడు. అందుకని ముందు ‘మోర’ నేర్పుతాను. నాది అని.”

“మొదటి పాఠంలోనే నాదీ నీదీ అని తగువు పెడతావా తల్లీ?” అని నవ్వాడాయన. తరవాత తన పాఠాన్ని మళ్లీ ఒకసారి తిరగేశాడు. “ఇన్నేళ్లూ మాకు ఆ తేడా తెలియలేదు. సరే, మార్చుకో.”

మార్చాను. చిన్న వస్తువుతో మొదలుపెట్టి, మెల్లమెల్లగా పెద్దవాటి మీదికి వెళ్లేలా పాఠం కట్టాను. ముందు దువ్వెన, తరవాత కొడవలి, కోడి, ఇల్లు, చివరికి భూమి.

పాఠానికి వచ్చిన ఆడవాళ్లలో రుకుణి దువ్వెన ఎత్తి ‘ఇది ఎవరిది?’ అని అడిగితే, ఆమె ‘ఆమర’ అంది.

“మనందరిదీనా? అయితే ఇటియ్యి, నేనూ దువ్వుకుంటా,” అన్నాను.

“అమ్మో, నా పేలన్నీ నీకొస్తాయే టీచరమ్మా!”

“మరి నీ మొగుడు ఎవరి మొగుడు?” అని వెనక నుంచి ఎవరో అడిగారు.

“మా ఆయనే,” అనేసింది రుకుణి ఒడియాలో, అదే ఆమర పెట్టి.

“అట్లాగా! అయితే ఈ పూట మా ఇంటికి పంపు, కట్టెలు కొట్టాలి!”

“తీసుకుపోండే తల్లీ, తిండి కూడా మీరే పెట్టుకోండి!”

గురుబారి అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. దువ్వెన దగ్గర మోర అంది. కొడవలి దగ్గరా అంది. కోడి దగ్గర గొంతు తగ్గింది. ఇల్లు అనేసరికి తల అడ్డంగా ఊపింది.

“ఆ మాట రాదు పిల్లా నాకు.”

“దువ్వెనకు వచ్చింది కదా అత్తా.”

“దువ్వెనదేముంది. ఇంటినీ భూమినీ పట్టుకుని నాది అంటే ఏమని అర్థం? పొయ్యి వేరు పెట్టుకున్నట్టే కదా. బావగారు బతికుండగా, ఆయన ముంగిట్లో కూడు తింటూ, ఆయన వింటుండగా నాది అనాలా? విని ఊరుకుంటాడా? ఊరుకున్నా నేను తలెత్తగలనా?”

మా ఊళ్లో నాది అనే మాట వినబడేది ఇల్లు రెండుగా చీలే రోజునే. అది నాకూ తెలుసు. అయినా మర్నాడు మళ్లీ పలికించాను. ఒకసారి అంది, కళ్లు మూసుకుని.

విచారణ బడి ముందు జరిగింది. అధికారి నెమ్మదస్తుడు. ఆమెను కుర్చీలో కూర్చోమన్నాడు, ఆమె కూర్చోలేదు. ఎదురుగా మొదటి వరసలో బావగారు దైతారి, ఆయన కొడుకులు.

“ఆ కొండవాలు ఎవరిది అమ్మా?”

అత్త నా వైపు చూడలేదు. దైతారి వైపు చూసింది.

“ఆమర,” అంది.

“అంటే మీ అందరిదీనా?”

“అవును బాబూ, మా అందరిదీ.”

నేను లేచాను. “అయ్యా, ఆమె అన్నది మాది అని. మనది అని కాదు. వాళ్ల ఇంటిదని.”

ఆయన కలం ఆపి, నిజంగానే అర్థం కాక అడిగాడు. “రెండూ ఒకటే కదమ్మా? ఆమె నోటితో ఆమె చక్కగా చెప్పింది. మీరే నేర్పారట. ఇంక మధ్యలో మీరెందుకు?”

దైతారికి ఒడియా బాగా వచ్చు. గడ్డిపరక తుంచుకుంటూ కూర్చున్నాడు.

వాలు ఊరి ఉమ్మడి భూమి అని రాసుకున్నారు. ఎవరూ దౌర్జన్యం చేయలేదు. అందరిదీ అయ్యాక పశువులను తోలారు, అంతే. పసుపు మొక్కలు తొక్కిడికి పోయాయి. కొందరు దుంపలు తవ్వుకుపోయారు. వాళ్లలో దైతారి కొడుకులూ ఉన్నారు.

తప్పు దిద్దమని పైవాళ్లకు రాద్దామని, అత్తను అడగడానికి వెళ్లాను. ఆమె వేరేవాళ్ల చేలో కలుపు తీస్తోంది.

“ఏమని రాస్తావు?”

“ఆ వాలు నీదని.”

“నా నోటికి రాని మాట నీ చేత్తో రాస్తావా? వద్దు పిల్లా.” నడుము ఎత్తకుండానే అంది. “నీ పాఠంలో తప్పేం లేదు. పో, ఎండెక్కుతోంది.”

ఆ తరవాత ఆమె పాఠానికి రాలేదు. నాతో కుయిలో మాట్లాడుతుంది గానీ, ఒడియా మాట మాత్రం నోట రానివ్వదు. సంతలో అంగడివాడు ఏదడిగినా వేలితో చూపిస్తుంది.

సత్పథీ బాబు నా పథకం బాగుందని మిగతా ఊళ్లకూ పంపాడు. దువ్వెన దగ్గర అన్నిచోట్లా నవ్వుతున్నారట. భూమి దగ్గర ఏమవుతోందో ఎవరూ రాయలేదు. పాఠంలో ఆ చివరి మెట్టు తీసేయాలా, ఉంచాలా అన్నది నాకింకా తేలలేదు.

ఇది చదివేవాళ్లలో పరాయి భాష నేర్పేవాళ్లుంటే ఒక్కటి అడుగుతాను. నాది అనే మాట నేర్పే రోజున, పలకలేక ఆగిపోయిన మనిషి మీ ముందు కూర్చుని ఉంటే తొందరపెట్టకండి. ఆ కాసేపూ గురుబారి కన్హర్‌ను తలుచుకోండి.