షార్జాలో సామర్లకోట జంక్షన్

పొద్దున్నే స్కూలు బస్సు వచ్చేలోగా బాలత్రిపురసుందరి సామర్లకోట జంక్షన్ తుడవాలి. షార్జాలో ఎన్ని కిటికీలు బిగించినా ఇసుక ఇంట్లోకి వస్తుంది. పట్టాల మీద సన్నటి పొర పట్టిందంటే కరెంటు అందక బొమ్మ రైలు ఆగిపోతుంది. రైలు ఆగితే భర్త వీరరాఘవరావుగారి ముఖం మాడిపోతుంది. అందుకని స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో నలభై అడుగుల పట్టా, ఇరవై ఏళ్లుగా, రోజూ.

ఆయనకు చిన్నప్పటి నుంచీ రైళ్ల పిచ్చి. రెండో పడగ్గదిలో గోడ నుంచి గోడకి ప్లైవుడ్ బల్ల, దాని మీద ఆయన ఎరిగిన స్టేషను. రైలన్నదే లేని దేశంలో ఇంత రైల్వే నడుపుతున్నందుకు తెలుగువాళ్లంతా వచ్చి చూసి, “ఏం ఓపికండీ రావుగారూ,” అనేవారు. ఆ ఓపిక ఎవరిదో ఎవరూ అడగలేదు. జర్మనీ నుంచి తెప్పించిన గోరంత బొమ్మలు కోట్లూ టోపీలతో వస్తే, వాటికి పంచెలూ చీరలూ దిద్దింది ఆవిడ. గిన్నెలు తోమే పీచుకు ఆకుపచ్చ రంగు అద్ది చెట్లు చేసింది ఆవిడ. ఆయన చేసిందల్లా కుర్చీలో కూర్చుని మీట తిప్పడం. “మా ఆవిడకి ఇవన్నీ ఏం తెలుస్తాయండీ, తుడవమంటే తుడుస్తుంది,” అనేవారు, ఆవిడ పెట్టిన టీ అందుకుంటూ.

మొదట్లో సుందరికి ఏడుపొచ్చేది. తర్వాత కోపం. ఇప్పుడు రెండూ లేవు. కోపం రావాలన్నా ఎదుటిమనిషి కాస్త పెద్దగా కనబడాలి కదా. పొట్ట బల్లకు ఆనించి, నోటితో కూత వేస్తూ, అరవయ్యేళ్ల మనిషి గూడ్సు బండికి దారిస్తుంటే ఆవిడకు కలిగేది ఒట్టి చులకన. పుచ్చు వంకాయ ఏరి పారేసేటప్పుడు ఉంటుందే, అంత.

ఆవిడ లెక్కల టీచరు. ఉన్నది మాత్రం భర్త వీసా మీద. అందుకే మూడేళ్లకోసారి, ఈవిడ ఉద్యోగం చేయడానికి నాకు అభ్యంతరం లేదని ఆయన సంతకం చేసిన కాగితం స్కూల్లో ఇవ్వాలి. కాగితం పట్టుకుని బల్ల పక్కన నిలబడితే, “ఉండు, ఎక్స్‌ప్రెస్ రానీ,” అనేవారు. తర్వాతైనా చదివేవారు కాదు. చెయ్యి కాగితం మీద, చూపు రైలు మీద.

రెండు వేల ఆరులో ఆయన రిటైరయ్యారు. కంపెనీ ఇచ్చిన వీసా ఖలాస్, దాంతోపాటే ఆవిడదీ. వీడ్కోలు విందులో, ఆవిడతో మాటైనా అనకుండా ప్రకటించేశారు. “కాకినాడలో మేడ మీద హాలంతా రైల్వేకే. సుందరి కూడా ఉద్యోగం మానేస్తోంది. పట్టాలు తుడిచేవాళ్లు కావాలిగా.”

అందరూ నవ్వారు. ఆవిడకు ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసుంది. పదో తరగతి పిల్లల ముందు సుద్దముక్క పట్టుకున్న ఆ కొన్ని గంటలే ఆవిడకు తానొక మనిషినని అనిపించేవి. అవి పోతే ఇక బతుకంతా ఆ బల్ల చుట్టూనే.

మర్నాడు ప్రిన్సిపాల్ షహర్బాను గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. హైదరాబాదీ అయిన ఆమె, “ఇన్ని రోజులు ఎందుకు అడగలే మేడం? వీసా స్కూలే ఇస్తది. ఉండనీకి టీచర్ల ఫ్లాట్‌ల రూము గూడ ఉన్నది. రావు సాబ్ ఒక్క సంతకం పెడితే చాలు,” అంది.

సాయంత్రం కాగితం తీసుకుని బల్ల పక్కన నిలబడింది.

“ఏమిటది?”

“నా వీసా మీ మీద నుంచి స్కూలు మీదికి మార్చే కాగితం. నేనిక్కడే ఉండి ఉద్యోగం చేసుకుంటాను.”

“ఊఁ, ఊఁ. కాస్త తప్పుకో, సిగ్నలు కనబడట్లేదు.”

సంతకం పెట్టేశారు.

నెల తిరక్కుండా ఓ పొద్దున్నే కార్గోవాళ్లు వచ్చారు. ఇంజన్లనూ చెట్లనూ మనుషులనూ పాత దుప్పట్లలో చుట్టి, ఒక్కటీ విరక్కుండా ముందురోజు రాత్రే డబ్బాల్లో సర్దింది సుందరే. రావుగారు పక్కన నిలబడి జాగ్రత్తలు చెప్పారు. కార్గోవాళ్లలో నెరిసిన మీసాల మాణిక్యం టేపు అంటిస్తూ చుట్టూ చూశాడు.

“అన్నీ సార్ సామానే ఉన్నది గద మేడం. మీ డబ్బాలు ఏడున్నయ్?”

“నావి లేవు మాణిక్యం. నేను వెళ్లట్లేదు.”

రావుగారు తల తిప్పారు. చాలా ఏళ్ల తర్వాత భార్య ముఖంలోకి సూటిగా చూశారు.

“ఎవర్నడిగి చేశావీ పని?”

“మిమ్మల్నే అండీ. సంతకం కూడా పెట్టారు,” అంది సుందరి, బస్సుకు టైమవుతోందని చెప్పులు వేసుకుంటూ.