ఖాళీ అయిన నంబర్లు

రక్తనిధిలో కంప్యూటర్ పని చూసే ఆమెకు ఆ ఉదయం పై అధికారి ఒక పని అప్పజెప్పాడు. తొమ్మిది వేల మంది దాతల వివరాలున్న టేబుల్లో కొందరి ఫోన్ నంబర్లు పాతబడ్డాయి. శిబిరాల్లో రాసుకున్న ఆరువందల పన్నెండు కొత్త నంబర్లు వేరే టేబుల్లో ఉన్నాయి. దాత సంఖ్యను బట్టి వాటిని అసలు టేబుల్లోకి ఎక్కించాలి.

"ముందు కాపీ తీసుకుంటాను సార్," అందామె.

"ఎందుకమ్మా, చిటికెలో అయ్యే పనికి? కానివ్వు."

ఆమె ఆదేశం రాసి మీట నొక్కింది. తొమ్మిది వేల నలభై ఎనిమిది వరుసలు మారాయని తెరమీద పడింది. కొత్త టేబుల్లో ఉన్నవాళ్లనే మార్చమని చెప్పడం మరిచింది. కొత్త నంబరు లేని మిగతా అందరివీ ఖాళీ!

అంతలో నర్సు పరుగున వచ్చింది. "అక్కా, ఆపరేషన్‌కి ఓ నెగెటివ్ కావాలి. దాత నంబరివ్వు, తొందరగా!"

"లేవు. నేనే తుడిచేశాను. ఏమీ అడక్కు, బీరువాలో ఫారాలు తియ్యి."

ఇద్దరూ నేలమీద చతికిలబడి కాగితాలు గాలించారు. చివరికి ఒక బస్సు డ్రైవరు ఫారం దొరికింది. ఫోన్ చేస్తే పావుగంటలో వచ్చి రక్తమిచ్చాడు.

సర్వరు చూసే మనిషి నాలుగోసారికి ఫోనెత్తాడు. "మళ్లీ ఏం చేశారు?"

"మళ్లీ ఏంటండీ? ఇదే మొదటిసారి!" అని కసిరింది.

సర్వరులో ప్రతి ఆదివారం తీసే కాపీని అతను పంపితే, అందులోంచి నంబర్లు వెనక్కి తెచ్చింది. తర్వాత ఎన్ని మారతాయో లెక్క చూసుకుని మరీ కొత్తవి ఎక్కించింది. ఆరువందల పన్నెండు. సరిపోయింది. కానీ ఆదివారం తర్వాత చేరిన నలభై ఒక్క మంది ఆ కాపీలో లేరు. వాళ్లవి ఫారాలు చూసి చేత్తో కొట్టాల్సిందే.

పై అధికారి తొంగిచూశాడు. "ఇంకా అవలేదా?"

"తప్పు నాదే సార్. కానీ కాపీ తీసుకోనిచ్చుంటే ఈపాటికి అయిపోయేది."

ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

రెండో ఫారంలో ఆఖరి అంకె ఒకటో ఏడో తెలియలేదు. ఒకటి అనుకుని చేస్తే ఎవరో విసుక్కుని పెట్టేశారు. ఏడుతో చేస్తే ఒక పెద్దావిడ పలికింది.

"మొన్ననేగా నంబరిచ్చాను, రాసుకోలేదా?"

"రాసుకున్నామండీ," అందామె పళ్లు బిగబట్టి. "ఇంకోసారి రాసుకుంటున్నాం."