నేల తాకినా క్యాచే

భీమశంకరానికి మనుషుల్ని తూచడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరితోనైనా పెద్ద వ్యవహారం పెట్టుకునే ముందు వాళ్లతో ఏదో ఒక చిన్న ఆట ఆడతాడు. చిన్న ఆటలో మోసం చేసేవాడు పెద్ద వ్యవహారంలో ఊరుకోడని అతని లెక్క. అమెరికాలో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఇరవై రెండేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాడు. ఈ తూకం ఒక్కసారి కూడా తప్పలేదని భార్య నాగమల్లేశ్వరి దగ్గర చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆవిడ చాలాసార్లు విని ఊరుకుంది.

ఇప్పుడు తూకంలో ఉన్నవాడు తేజేశ్వర్. వరంగల్ వైపు కుర్రాడు, నలభై నిండలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక మళ్లీ ఆ వైపు చూడనని, ఫ్రిస్కోలో భీమశంకరం తెరవబోయే రెండో కొట్టులో భాగానికి వస్తానని అన్నాడు. ఒప్పందం కాగితం తయారై కౌంటర్ మీద క్లిప్ పెట్టి ఉంది. ఆరు వారాల గడువు ముగిసే సోమవారం పొద్దున్నకల్లా స్థలం యజమానికి అవునో కాదో చెప్పాలి. ఒంటరిగా రెండు కొట్లు లాగే వయసు కాదు భీమశంకరానిది. దొంగని పక్కన కూర్చోబెట్టుకుని నిద్రపోయే వయసు అంతకన్నా కాదు.

అందుకే ఆట. ఆదివారం మధ్యాహ్నం డాలస్ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్, అదే చేతులతో ఆడే ఫుట్‌బాల్, ఆడుతుంటే హైవేలు ఖాళీ అవుతాయి, కొట్టూ ఖాళీ అవుతుంది. కౌంటర్ పైన టీవీ నడుస్తుంటుంది. విసిరిన బంతిని ఆటగాడు సరిగ్గా పట్టాడా లేదా అన్న తగువు వచ్చి, రిఫరీ రీప్లే కోసం ఆట ఆపినప్పుడల్లా వీళ్లిద్దరూ తమ తీర్పు చెప్పాలి: క్యాచా, కాదా. ఎక్కువ తప్పినవాడు సోమవారం ట్రక్కులోంచి బియ్యం బస్తాలు దింపాలి.

ఐదు ఆదివారాలు గడిచాయి. ఐదు సోమవారాలూ భీమశంకరమే దింపాడు.

ఒకటి రెండు వారాలైతే అదృష్టం అనుకోవచ్చు. మూడో వారం అతను టీవీ చూడటం మానేసి తేజేశ్వర్‌ని చూడటం మొదలుపెట్టాడు. తగువు వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి తొందరపడడు, గడ్డం గోక్కుంటాడు, రెండో రీప్లే దాకా ఆగి అప్పుడు చెబుతాడు. చెప్పిందే జరుగుతుంది. ఎవరో చెవిలో చెప్పినట్టు!

నెట్ మీద వచ్చే టీవీ అర నిమిషం వెనక నడుస్తుందని భీమశంకరానికి తెలుసు. ఫోన్‌కి కబురు ముందే వస్తుంది. నాలుగో వారం, "ఫోన్లు పక్కన పెట్టి ప్రశాంతంగా చూద్దామయ్యా" అని తేజేశ్వర్ ఫోన్‌ని తీసుకెళ్లి పెరుగు డబ్బాల ఫ్రిజ్ మీద పెట్టాడు. ఓడిపోయాడు. ఐదో వారం చేతి గడియారం మీద కన్ను పడింది. "ఈ రోజుల్లో గడియారాలు కూడా మాట్లాడతాయంటగా, ఏదీ చూద్దాం" అని విప్పించి తన జేబులో వేసుకున్నాడు. మళ్లీ ఓడిపోయాడు. సోమవారం రాత్రి నడుముకి ఆయింట్‌మెంట్ రాయించుకుంటూ, బిల్లింగ్ దగ్గర కూర్చునే నాగమల్లేశ్వరి ఆట మధ్యలో ఎన్నిసార్లు దగ్గిందో గుర్తుచేసుకున్నాడు.

"నన్ను కూడా అనుమానిస్తున్నారా ఏమిటి?" అంది ఆవిడ.

"నేనేమన్నాను?"

"అనలేదు. కానీ నేను దగ్గినప్పుడల్లా తల వెనక్కి తిప్పి మరీ చూస్తున్నారు."

ఆరో ఆదివారం వచ్చింది. తెల్లవారితే గడువు. ఫోన్ ఫ్రిజ్ మీద, గడియారం జేబులో. నాగమల్లేశ్వరిని పప్పుల వరుసలోకి పంపి డబ్బాలు సర్దమన్నాడు. కొట్టులో మామూలుగానే దేవుడి పాటలు మోగుతున్నాయి. కొట్టు తెరిచిన రోజు నుంచి ఆవిడ పెట్టిన నియమం అది: పాటలు ఆగకూడదు, టీవీకి బొమ్మే కానీ గొంతు ఉండకూడదు.

రెండో అర్ధభాగంలో తగువు వచ్చింది. డాలస్ ఆటగాడు ముందుకి దూకి, గాలిలోనే బంతిని రెండు చేతులతో పట్టి, బోర్లా పడ్డాడు. రీప్లేలో బంతి మొన గడ్డికి తగలడం స్పష్టంగా కనిపించింది.

భీమశంకరం లేచి నిలబడ్డాడు. "నాటౌట్! నేల తగిలింది! గుడ్డోడికైనా కనపడుద్ది! చెప్పు, ఇప్పుడేం చెబుతావ్?"

తేజేశ్వర్ గడ్డం గోక్కున్నాడు. రెండో రీప్లే వచ్చింది. "క్యాచ్ అన్నా."

"నేల తగిలిందయ్యా!"

"తగిలింది. క్యాచే."

భీమశంకరం కళ్లు చిన్నవయ్యాయి. కళ్ల ముందు కనిపించేదాన్ని ఇంత ధీమాగా కాదంటున్నాడంటే లోపలి కబురు లేకుండా అనడు. ఫోన్ లేదు, గడియారం లేదు, భార్య కందిపప్పు దగ్గర ఉంది. మరి దారి ఏది? తెర మీద రిఫరీ చెవికి తగిలించుకున్నవి తీసి, మైదానం మధ్యకి నడిచి, నోరు కదపబోతున్నాడు. ఐదు వారాలుగా చేతి సైగ చూసి తీర్పు తెలుసుకోవడమే తప్ప ఆ నోటి మాట వినలేదన్న సంగతి అప్పుడు తట్టింది భీమశంకరానికి. రిమోట్ అందుకుని పాటలు ఆపేశాడు, టీవీ గొంతు పెంచాడు.

"అయ్యో, హారతి పాట మధ్యలో ఉంది!" పప్పుల వరుసలోంచి కేక.

బంతి నేలకి తగిలిన మాట నిజమేననీ, అయినా ఆటగాడి చేతుల్లో పట్టు సడలలేదనీ, కాబట్టి అది క్యాచేననీ రిఫరీ ఇంగ్లీషులో తాపీగా చెప్పి వెళ్లిపోయాడు.

భీమశంకరం రిమోట్ కౌంటర్ మీద పెట్టాడు.

"నేల తగిలాక క్యాచ్ ఎట్లా అవుద్ది?" అన్నాడు. గొంతులో కోపం కన్నా నిజమైన అయోమయం ఎక్కువగా ఉంది.

"అన్నా, మీరు చెప్తున్నది క్రికెట్ రూల్," అన్నాడు తేజేశ్వర్. పక్కనున్న గంపలోంచి కొబ్బరికాయ తీసి గుండెకి హత్తుకున్నాడు. "ఇక్కడ మూడు చూస్తరు. ఒకటి, నేల తాకకముందే బాల్ చేతుల్ల కంట్రోల్ల ఉండాలె. రెండు, లైన్ లోపల రెండు పాదాలు పడాలె. మోకాలో మోచెయ్యో పడ్డా సరే. మూడు, పట్టుకున్నంక ఇంకో అడుగో, బాల్‌ని సదురుకునుడో, అట్లాంటి పని ఏదన్నా చెయ్యాలె. లేకుంటే అది చేసేంతసేపన్నా బాల్ చేతుల్ల నిలవాలె. కింద పడ్డప్పుడు బాల్ చెయ్యి జారకుంటే చాలు, నేల తాకినా ఫికర్ లేదు." చెబుతూనే కొబ్బరికాయతో సహా బియ్యం బస్తాల మీదికి ఒరిగి చూపించాడు.

"మరి పోయిన వారం? వాడు గాల్లో చక్కగా పట్టాడు, లోపలే దిగాడు, కాదన్నారు!"

"ఒక్క పాదమే లోపల పడ్డది. రెండోది గీత మీద. గీత తాకితే బయట పడ్డ లెక్కే."

భీమశంకరం ఐదు వారాల తగువులన్నీ మనసులో ఒక్కొక్కటే తిరగేశాడు. ప్రతి చోటా తన తీర్పు క్రికెట్ తీర్పే. ఎదుటివాడు మోసం చేయలేదు. తనే వేరే ఆట చూస్తూ కూర్చున్నాడు. గుండె మీంచి బరువు దిగింది. జేబులోంచి గడియారం తీసి ఇచ్చేశాడు. కాగితం ముందుకి లాక్కుని కలం తీశాడు.

అప్పుడు కలం ఆగింది.

"తేజా. నేను క్రికెట్ రూల్‌తో చెబుతున్నానని నీకు ఎప్పుడు తెలిసింది?"

తేజేశ్వర్ కొబ్బరికాయని గంపలో పెట్టాడు. అవసరమైనదానికన్నా నెమ్మదిగా పెట్టాడు. "మొదటి వారమే."

"మరి చెప్పలేదే?"

"చెబుదామనే అనుకున్న. సోమవారం వచ్చింది, బస్తాలు మీరు దింపిన్రు. రెండో వారం చెబుదామనుకున్న. మళ్ల సోమవారం వచ్చింది."

పప్పుల వరుసలో కిసుక్కుమన్న నవ్వు వినిపించింది. భీమశంకరానికి నవ్వు రాలేదు. దొంగ కాడు, నిజమే. కానీ ఎదుటివాడి అజ్ఞానం తనకి లాభమైతే నోరు మూసుకుని కూర్చునే రకం. ఇలాంటివాడు టోకు వ్యాపారి ఎదుట కూర్చుంటే బంగారం. తన పక్కన కూర్చుంటే? రేపు ఏ సంగతి తెలిసి మౌనంగా ఉంటాడో, ఆ మౌనానికి తను ఎన్ని బస్తాలు మోయాలో?

ఒప్పందం చివరి పేజీలో ఖాళీ చూసుకుని తన చేత్తో రాశాడు: కొట్టుకి సంబంధించి తేజేశ్వర్‌కి తెలిసిన ఏ సంగతైనా అడగకపోయినా చెప్పాలి. చెప్పకపోతే అబద్ధం ఆడినట్టే.

"ఇదుంటేనే సంతకం," అన్నాడు కాగితం తిప్పి.

తేజేశ్వర్ రెండుసార్లు చదివాడు. "అన్నా, ఒక మాట. ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టిన్రు. గడియారం విప్పించిన్రు. వదినని పప్పులకాడికి పంపిన్రు. గిన్ని చేసిన్రు కానీ, 'నువ్వెట్ల చెప్తున్నవురా' అని నన్ను ఒక్కసారన్న అడిగిన్రా?"

భీమశంకరం వెళ్లి ఫ్రిజ్ మీంచి ఫోన్ తెచ్చి అతని ముందు పెట్టాడు.

"నేను తెలిసి చెప్పలే. మీరు అనుమానపడి చెప్పలే. రెండూ ఒక్క తూకమే కదా?"

"చెప్పండి, సమాధానం చెప్పండి," అంది నాగమల్లేశ్వరి, చేతిలో కందిపప్పు డబ్బాతో వచ్చి నిలబడి. "నా దగ్గు సంగతి కూడా చెప్పండి."

తేజేశ్వర్ కలం తీసుకుని ఆ చేతిరాత వాక్యంలో తన పేరు కొట్టేశాడు. దాని పైన 'ఇద్దరిలో ఎవరికైనా' అని రాశాడు. తెలిసినా, అనుమానం వచ్చినా, అని ఇంకో మాట చేర్చాడు. కింద సంతకం చేసి కాగితం అవతలికి జరిపాడు.

భీమశంకరం కళ్లజోడు పెట్టుకుని దిద్దిన చోటు చదివాడు. మాట న్యాయంగానే ఉంది. అయినా పేజీలన్నీ మొదటి నుంచి తిప్పాడు. ఇంకెక్కడా కలం పడలేదు. కాగితం వెనక్కి తిప్పి లైటు వెలుగులో పెట్టి చూశాడు. ఏమీ లేదు.

అప్పుడు సంతకం చేశాడు.