ఆపరేటరు తొంగిచూసిన గాజు

నేను ఒక గాజుపలకను. కంభంలో పాత సినిమాహాలు ప్రొజెక్టరు గది గోడలో ఉండేదాన్ని. ఆ హాల్లో ఆడిన ప్రతి బొమ్మా నా కడుపులోంచి దూరివెళ్ళి తెర మీద పడిందే. నేను లేకపోతే రాజులు లేరు, యుద్ధాలు లేవు.

అబద్ధమేలెండి. వెలుగు వెళ్ళే కంత నా పక్కది. నేను ఆపరేటరు తొంగిచూసే చిన్న కంతకు మూతను. పటాలు కట్టే కొట్లో ఏ దేవుడి పటానికో కోయగా మిగిలిన ముక్కను. అయితేనేం, మనుషులు చాటునుంచి చూసే చూపు నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఒక ఎండాకాలం మ్యాట్నీకి వింత బొమ్మ వచ్చింది. మేడ మీద ఒకడు కిటికీ సందులోంచి ఎదురింటి ఆమెను చూస్తూంటాడు. ఆమె ఒంటరిది. రోజూ రెండు కప్పుల్లో టీ పోస్తుంది. అంతే. పాట లేదు, కొట్లాట లేదు. రెండో రీలుకే బెంచీల్లో ఈలలు మొదలయ్యాయి.

మా హాల్లో దీనికో మందుంది. విసుగు పుట్టించే రీలును ఎక్కించకుండా దాటేయడమే. యజమాని పేరయ్యనాయుడు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"మస్తానూ, మూడోది పక్కన పడేసి నాలుగోది ఎక్కించు. కుర్చీ ఒక్కటి ఇరిగినా రేపట్నించి నువ్వు పనిలోకి రామాకు."

ఆపరేటరు మస్తాన్ మూడో రీలు డబ్బా వదల్లేదు. "అది తీసేస్తే ఆ రెండో కప్పు ఎవరికో జనానికి తెలవదు నాయుడుగారూ. ఈలలు ఆగినయ్యి, ఇనపళ్ళేదా? ఒకసారి ఇందులోంచి చూడండి."

"ఆ బొమ్మలో చూసేదానికి ఏముందిరా?"

"బొమ్మను కాదు. జనాన్ని చూడండి."

నాయుడు ముక్కు నాకు ఆనించాడు. సోడాలమ్మేవాడు నడవలోనే నిలబడిపోయాడు; కొట్టిన సోడా చేతిలో పొంగిపోతోంది. ఆడవాళ్ళ వైపు ఒకావిడ, చంటిది ఏడవకుండా దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అంతమంది ఒక్కసారి ఊపిరి బిగపడితే హాలు లోతు బావిలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

తెర మీద ఆమె కప్పు దించింది. మెల్లగా తల తిప్పి తిన్నగా కిటికీ వంక చూసింది. వాడి వంక. మా వంక. హాలంతా తల దించుకుంది. నాయుడు నన్ను వదిలి గోడ చాటుకు తప్పుకున్నాడు.

కాసేపటికి, గోడకు ఆనుకునే అన్నాడు: "మూడోదే ఎక్కించు. ఆమె ఇంకా ఇటే చూస్తందా?"

"చూస్తంది," అన్నాడు మస్తాన్, డబ్బా మూత తీస్తూ.

ఆ హాలు ఇప్పుడు లేదు. పాతసామాన్ల కొట్టు వెనక ఇనప ముక్కల మీద పడి ఉన్నాను. ఈ కథలో నేను కల్పించింది ఇంకొక్కటే ఉంది. ఆమె తల తిప్పినప్పుడు హాలంతా తల దించుకోలేదు. దాక్కున్నది నాయుడొక్కడే. కింద జనం మాత్రం, ఆమె తమతోనే ఏదో చెప్పబోతున్నట్టు, కుర్చీల్లోంచి ముందుకు వంగారు.