స్థలం చూశాను

ఆ ఇద్దరు తోడికోడళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకే ఇంట్లో కింద వాటా పెద్దకోడలిది, పై వాటా చిన్నకోడలిది. ఒకరు మెట్ల దగ్గర కనపడితే ఇంకొకరు తలుపు వేసేసుకుంటారు. అది చాలదన్నట్టు ఇద్దరి ఉద్యోగాలూ ఒకే రోడ్ల కంపెనీలో పడ్డాయి. పెద్దకోడలు ఆఫీసులో కూర్చుని ట్రాఫిక్ ప్లాన్లు గీస్తుంది. రోడ్డు తవ్వే చోట ఏ కోను ఎక్కడ పెట్టాలి, ఏ బోర్డు ఎంత ముందు ఉండాలి, బండ్లు ఆపే మనిషి సరిగ్గా ఎక్కడ నిలబడాలి, అన్నీ ఆమె కాగితమే చెబుతుంది. ఆ నిలబడే మనిషి చిన్నకోడలు. ఒకవైపు ‘ఆగు’ అనీ, రెండోవైపు ‘మెల్లగా’ అనీ రాసిన పలక పట్టుకుని పొద్దస్తమానం ఎండలో ఉంటుంది.

కిందటేడు దాకా అది మాటల్లేని పగే. ఒకనాడు పెద్దకోడలు తనిఖీకి వెళ్లింది. చిన్నకోడలు తనకు గీసిన చోట కాకుండా పదడుగులు పక్కన, గోడ నీడలో నిలబడి ఉంది. ఇంకెవరైనా అయితే ‘నీ చోటికి వెళ్లమ్మా’ అని చెప్పి వచ్చేసేది. మరిది పెళ్లాం కాబట్టి ఫిర్యాదు రాసింది. చిన్నకోడలిని వారం రోజులు పనిలోంచి ఆపేశారు. తిరిగి వచ్చిన రోజున మేనేజరు ఆమెను అందరి ముందూ నిలబెట్టి కొత్త నియమం చదివాడు. ప్లాన్‌లో ఉన్న చోటు నుంచి అడుగు కదిలితే ఉద్యోగం ఉండదు. చోటు మార్చాలంటే గీసినవాళ్లే వచ్చి, కాగితం మీద దిద్ది, కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ పూట పెద్దకోడలు కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది. దాచడమెందుకు, ఆమెకు నిజంగానే సంతోషం వేసింది.

తరువాత కాలవ వంతెన దగ్గర పైపుల పని వచ్చింది. ఒక వరుస మూసేసి, మిగిలిన వరుసలో కాసేపు ఇటు బండ్లు, కాసేపు అటు బండ్లు వదలాలి. వంతెన వైపు చిన్నకోడలి పేరు వేశారు. గీసే ముందు స్థలం చూసి రావాలి. చూడటానికి వెళ్లేటప్పుడు అక్కడ నిలబడబోయే మనిషిని కూడా జీపులో వెంటబెట్టుకెళ్లడం ఆ ఆఫీసు పద్ధతి. పోనూ రానూ గంటన్నర దాని పక్కన కూర్చోవాలా అనుకుంది పెద్దకోడలు. కంప్యూటర్లో పైనుంచి తీసిన ఫొటో తెరిచింది. అందులో వంతెన చదునైన పట్టీలా ఉంది. ఇంకో కాలవ పనికి గీసిన పాత ప్లాన్ తీసి, కొలతలు సర్ది, ‘స్థలం చూశాను’ అనే గడిలో టిక్కు పెట్టి సంతకం చేసింది.

పని మొదలైన మూడో రోజు ఆమె స్కూటర్ మొరాయించింది. చచ్చినట్టు బస్సెక్కింది. బస్సు వంతెన ఎక్కింది. ఆ వంతెన మధ్యలో ఒంటె వీపులా లేచి ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. అవతలికి దిగబోతూనే డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. నిలుచున్నవాళ్లు కూర్చున్నవాళ్ల మీద పడ్డారు. ఎవరిదో సంచీ ముందు అద్దం దాకా దొర్లింది.

“ఈ ప్లాన్ గీసిన మహానుభావుడెవడో గానీ, కళ్లు ఇంట్లో పెట్టొచ్చి గీశాడు” అన్నాడు డ్రైవరు. “మూడ్రోజుల్నించి ఇదే గోల. ఆ మనిషి ఏదో ఒక రోజు పోతుంది.”

పెద్దకోడలు అద్దంలోంచి చూసింది. బస్సు ముక్కుకు బారెడు దూరంలో పలక పట్టుకుని చిన్నకోడలు నిలబడి ఉంది. వంతెన ఎత్తు మీంచి ఆ చోటికి ముప్పై మీటర్లు కూడా లేవు. వచ్చేవాడికి ఆమె కనపడ్డాక రెండు సెకన్లు మిగులుతాయి, అంతే. పెద్దకోడలు లేచింది. తలుపు తీయించుకుని దిగింది.

“నువ్వు వంతెన అవతలికి, బండ్లు వచ్చే వైపుకి పో. ఇక్కడుంటే పైకెక్కేదాకా ఎవరికీ కనపడవు” అంది.

చిన్నకోడలు బస్సును పంపించేసి, పలక మళ్లీ ‘ఆగు’ వైపు తిప్పి, వాకీటాకీలో అవతలి మనిషితో “ఇటు ఆపాను, నువ్వు వదులు” అని చెప్పి, తీరిగ్గా ఇటు తిరిగింది. ఇంట్లో అక్కా అని పిలవాల్సిన నోరు. “నమస్కారం మేడమ్‌గారు. ప్లాన్‌లో ఇక్కడే ఉందండి.”

“ప్లాన్ సంగతి నేను చూసుకుంటాను. ముందు కదులు.”

“కదిలితే ఉద్యోగం పోతుందటండి. మీ దయవల్లే తెలిసింది.”

“నీ మొండితనం తగలెయ్య. ఇది ప్రాణాలతో చెలగాటం.”

“గీసింది నేను కాదు కదండీ.” ప్లాస్టిక్ కవరులోంచి ప్లాన్ తీసి అందించింది. “దిద్దండి. కారణం రాసి సంతకం పెట్టండి. వెంటనే వెళ్తాను.”

పెద్దకోడలు పెన్ను తీసి చోటు మార్చి గీసింది. కారణం గడిలో ‘రోడ్డు పరిస్థితిని బట్టి’ అని రాసింది. చిన్నకోడలు తొంగిచూసింది.

“రోడ్డేం మారలేదే. వంతెన నిన్న కట్టింది కాదుగా.”

పెద్దకోడలు పళ్లు నూరుతూ అది కొట్టేసి ‘పొరపాటు’ అని రాసింది.

“ఏం పొరపాటో కూడా రాయండి. గడిలో చోటుంది.”

రాస్తే ఏమవుతుందో పెద్దకోడలికి బాగా తెలుసు. చూడకుండా చూశానని రాసినవాళ్లను ఆ ఆఫీసులో సాయంత్రం దాకా కూడా ఉంచరు. పదకొండేళ్ల ఉద్యోగం దీని కాళ్ల దగ్గర పెట్టాలా అని ఆమె ఒళ్లు మండిపోయింది. మండినప్పుడు నోరు ఆగే మనిషి కాదు కాబట్టి పెద్దగా తిట్టడానికే నోరు తెరిచింది.

అప్పుడే వంతెన మీదికి ఇసుక లారీ వచ్చింది. దాని టైర్లు కీచుమని అరిచాయి. లారీ వెనక భాగం పక్కకు తిరిగింది. రెండు కోన్లను కింద వేసి నలిపేసుకుంటూ జారి వచ్చింది. పెద్దకోడలు కాగితంతో సహా కాలిబాట మీదికి దూకి మోకాలు కొట్టుకుంది. లేచి చూస్తే, చిన్నకోడలు పలక ఎత్తి పట్టుకుని అక్కడే ఉంది. పాదం కూడా కదపలేదు. ఎదురుగా ఆగిపోయిన లారీ వేడి ఆమె మొహానికి తగులుతోంది. పెదవులు మాత్రం తెల్లగా పాలిపోయాయి.

పెద్దకోడలు అక్కడే చతికిలబడి, కాగితం ఒళ్లో పెట్టుకుని రాసింది: ‘స్థలం చూడలేదు. చూశానని అబద్ధం రాశాను.’ సంతకం పెట్టింది. అక్షరాలు వంకరగా వచ్చాయి.

చిన్నకోడలు రెండుసార్లు చదివింది. ఫోన్‌తో ఫొటో తీసుకుంది. అవతలివైపు బండ్లు కూడా ఆపమని చెప్పి, మిగిలిన కోన్లు చంకన పెట్టుకుని వంతెన దాటింది. అక్కడి నుంచి రోడ్డు తిన్నగా అర కిలోమీటరు దాకా కనపడుతోంది. వచ్చే బండ్లు దూరం నుంచే నెమ్మదించడం మొదలుపెట్టాయి.

పెద్దకోడలు కుంటుకుంటూ వెనకాలే వచ్చింది. “నీకెప్పుడు తెలిసింది?”

“మొదటిరోజు, మొదటి గంటలోనే.”

“ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయేది?”

“చేస్తే మీరు గప్‌చుప్‌గా వచ్చి ‘రోడ్డు పరిస్థితి’ అని రాసి వెళ్లిపోయేవారు. నా మీద రాసింది మాత్రం ఊరంతా విన్నారు.” ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. “నాకేదన్నా అయితే, మీ సంతకంతో ఆ కాగితం ఇక్కడ దొరుకుతుంది కదా. అది చాలనుకున్నాను.”

“పిల్లలున్నారే నీకు” అంది పెద్దకోడలు. ఆ పిల్లలిద్దరూ బడి నుంచి వచ్చి మెట్ల మీద సంచులు పడేసే చప్పుడు ఆమె రోజూ వింటుంది.

“ఉన్నారక్కా. నువ్వు ఆ టిక్కు పెట్టిన రోజు కూడా ఉన్నారు.”

చిన్నకోడలు పలకను ‘మెల్లగా’ వైపు తిప్పింది.

“పక్కకి జరుగు. బండ్లు వదలాలి.”

పెద్దకోడలు జరిగింది.