నీళ్లు తాగని జంతువు

ఆ బొచ్చు తలకాయ నెత్తి మీద పెట్టుకున్న ప్రతిసారీ ఈదమ్మ ఊపిరి బిగబట్టేది. లోపలంతా గుట్కా కంపు. తనకంటే ముందు దాన్ని తొడిగినవాడెవడో నోట్లో గుట్కా నములుతూనే పిల్లలకు చేతులూపి ఉంటాడు. దాని మీద ఇప్పుడు తన చెమట, నిన్నటిది, మొన్నటిది, ఆరీ ఆరకుండా. ఉతికిద్దామంటే బొచ్చు ఊడుతుందంటాడు యజమాని కమలాకర్. మనిషి ఊడిపోయినా ఆయనకు ఫర్వాలేదు, బొచ్చు మాత్రం ఊడకూడదు.

కమలాకర్ హోటల్ కొత్తకోట దగ్గర, హైవే మీద. బెంగళూరు పోయే కార్లు ఆగాలంటే వెనక సీట్లో పిల్లలు మారాం చేయాలి, పిల్లలు మారాం చేయాలంటే గేటు దగ్గర ఏదో ఒక వింత ఉండాలి. పట్నంలో మూతపడ్డ బొమ్మల దుకాణంలో కోవాలా వేషం ఒకటి చవగ్గా దొరికితే తెచ్చాడు. కోవాలా అంటే ఆస్ట్రేలియాలో చెట్ల మీద బతికే జంతువు, పెద్ద చెవులు, నల్లటి మొద్దు ముక్కు. వేషం కురచది కాబట్టి మగవాళ్లెవరికీ పట్టలేదు. అంట్లు తోమే ఈదమ్మకు పట్టింది. కూలి కాస్త ఎక్కువిస్తానంటే ఒప్పుకుంది.

అంతవరకైతే పళ్ల బిగువున ఓర్చుకునేదే. కానీ కమలాకర్ ఫోన్‌లో ఏదో చదివాడు.

"కోవాలా అంటే ఏందో ఎరికేనా? నీళ్లు తాగనిది అని అర్థమంట. ఆ దేశపు పాతకాలపోళ్లు పెట్టిన పేరంట" అన్నాడు.

ఆ మాటను బోర్డు మీద రాయించాడు. అక్కడితో ఆగితే కమలాకర్ ఎందుకవుతాడు, దాన్నొక ఆట చేశాడు. పిల్లలు నీళ్ల సీసా తెచ్చి కోవాలా నోటికి అందించాలి. కోవాలా తల అడ్డంగా ఊపి, జ్యూసుల కౌంటరు వైపు చెయ్యి చూపాలి. పిల్లలు పకపకా నవ్వి అటు ఉరుకుతారు. ఏం తెలివి, ఏం తెలివి. అట్లాంటి తెలివికి నిప్పు పెట్ట.

ఇంతలో పాలమూరు ఎండలు ముదిరాయి. నాలుక పిడచగట్టుకుపోతుంటే, కళ్ల ముందు నీళ్ల సీసా ఊగుతుంటే, ఈదమ్మ వద్దని తల ఊపాలి. కిందటేడు రాళ్ల నొప్పితో ఆమె దవాఖానలో పడింది. నీళ్లు తాగకుంటే ఈసారి కిడ్నీయే పోతుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆ సంగతే యజమానికి చెప్పి చూసింది.

"జర నడుమ నడుమ తలకాయ తీసి ఇన్ని నీళ్లు తాగుత సార్."

"తలకాయ తీస్తే పోరగాండ్లు జడుసుకుంటరు. దాని పేరే నీళ్లు తాగనిది గద. బువ్వ తినేటప్పుడు తాగు, ఎవలొద్దన్నరు?"

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చెబితే, డిగ్రీ చదివే బిడ్డ ప్రవళిక ఫోన్ తీసి వెతికింది.

"అది ఆ దేశపు పాత జాతోళ్ల మాటనే అమ్మా. తెల్లోళ్లు వాళ్లకు ఇనబడ్డట్టు రాసుకున్నరు. గని దాని అర్థం నీళ్లు తాగనిదే అని ఎవలు గట్టిగ చెప్తలేరు. ఆకులల్ల తడి ఉంటదని ఎక్కువ తాగదంట, అంతే. వాన పడితే చెట్టు మీదికెల్లి కారే నీళ్లు నాకుతదంట. అడవులు కాలినప్పుడైతే మనుషుల చేతుల సీసాలకెల్లి తాగింది. ఇంకోటి ఇను, పాలు మరిచేటప్పుడు దాని పిల్ల తల్లి పెండ తింటదంట."

"థూ, బువ్వ కాడ ఏం ముచ్చటే అది." ఈదమ్మ ముద్ద పళ్లెంలో పెట్టేసింది. మళ్లీ తనే అంది, "మరి ఆ ముచ్చట బోర్డు మీద రాయలేదేందే మా సారు? నీళ్లు తాగదన్నదొక్కటే దొరికిందా ఆయనకు?"

వారం తిరక్కుండానే కమలాకర్ తండ్రి వర్ధంతి వచ్చింది. ఆయన పేరు మీద హోటల్ గేటు పక్కనే చలివేంద్రం పెట్టించాడు. తాటాకుల పందిరి, ఎర్రబట్ట చుట్టిన కొత్త కుండలు, తండ్రి ఫోటోకు బంతిపూల దండ. ఊరి పెద్దమనుషులు వచ్చారు. అందంగా ఉంటుందని కోవాలాను కుండల పక్కన నిలబెట్టారు.

"దూపైనోనికి గుక్కెడు నీళ్లిచ్చుడుకు మించిన పుణ్యం లేదని మా నాయిన చెప్తుండె" అని కమలాకర్ గొంతు పూడుకుపోయినట్టు మాట్లాడాడు. బొచ్చు తలకాయలో ఈదమ్మకు వాంతి వచ్చినంత పనైంది. అది గుట్కా కంపుకు కాదు.

ఎవరో చిన్నపిల్ల గ్లాసు నిండా నీళ్లు తెచ్చి అందించింది. అలవాటు కొద్దీ ఈదమ్మ తల అడ్డంగా ఊపింది. అందరూ నవ్వారు. ఆ ఊపుతోనే ఆమెకు కళ్లు బైర్లు కమ్మాయి. మోకాళ్ల మీద కూలబడి తలకాయ ఊడబెరికింది. గుప్పున కంపు లేచింది. పెద్దమనుషులు కండువాలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

కమలాకర్ మొహం ఒక్క క్షణం నల్లబడింది. అంతలోనే ఫోన్లు తన వైపు తిరిగి ఉన్నాయని చూసుకున్నాడు. కుండలో గ్లాసు ముంచి, వంగి, ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"తాగమ్మా, తాగు" అన్నాడు. ఆమెను అమ్మా అనడం అదే మొదలు. తర్వాత గొంతు తగ్గించి, "జర గిటు చూసుకుంట తాగు, ఫోటో పడతాంది" అన్నాడు.

నీళ్లు వట్టివేరు వాసన వస్తున్నాయి. ఈదమ్మ గొంతు దానంతటదే గుటక వేసింది, కానీ పెదవులు తెరవలేదు. గ్లాసు అందుకుని లేచింది. ఒక్క చుక్క నోట్లో పోసుకుంటే ఈ మనిషి పుణ్యం తన కడుపులో ఉంటుంది కదా అనుకునేసరికి ఆమెకు ఒళ్లంతా రోత పుట్టింది.

"నీళ్లు తాగనిదాన్ని గద సార్ నేను" అంది. గ్లాసు తీసుకెళ్లి దండ వేసిన ఫోటో ముందు పెట్టింది. "గివి మీ నాయినకు పెట్టు. నీ అసొంటి కొడుకును కన్నడు, ఆయనకే దూపైతుండొచ్చు."

తలకాయ కిందనే వదిలేసి, బొచ్చు ఒంటితోనే రోడ్డు దాటింది. లారీవాళ్లు హారన్లు కొట్టారు. అవతల పరశురాం పంక్చర్ దుకాణంలో, టైర్ల నడుమ ఒక కుండ ఉంటుంది, దాని మీద సొట్టబడ్డ గ్లాసు. అడగకుండానే ముంచి తాగింది. మళ్లీ ముంచింది. నీళ్లు గడ్డం మీంచి కారి బొచ్చంతా తడిసింది.

చేతికి నల్లటి గ్రీసుతో పరశురాం ఆమెను కిందా మీదా చూశాడు.

"అక్కా, గా జంతువు నీళ్లు తాగదని బోర్డు పెట్టిండ్రు గదనే?"

"తాగుతది తమ్మీ" అంది ఈదమ్మ మూతి తుడుచుకుని. "ఇచ్చెటోన్ని చూసి తాగుతది."