నాలుగో గేటు పక్క రెండు మంచాలు

మా డాక్టర్ ఫాటక్‌కు గొంతు పెంచడం చేతకాదనుకునేవాళ్లం. పుణెలో లాక్‌డౌన్ మొదలైన రెండో వారం, పక్షవాతం వార్డును కూడా కరోనా రోగులకు ఇచ్చేయమని పైనుంచి మాట వచ్చింది. ఆ రోజు ఆయన అరుపులు మూడో అంతస్తు దాకా వినిపించాయి. అరిచి అరిచి, చివరికి నాలుగో గేటు పక్కన రెండు మంచాలు, ఒక పాత స్కానింగ్ యంత్రం, ఒక అంబులెన్సు దక్కించుకున్నారు. జ్వరం రోగులు ఆ దారిన రాకూడదు. ఆ రెండు మంచాలకూ నేను హెడ్‌నర్సును.

తీరా చూస్తే మంచాలు ఖాళీ. వారానికి ఎనిమిది మంది వచ్చే చోటికి ఆ వారం ఒక్కరూ రాలేదు.

"పక్షవాతం కూడా లాక్‌డౌన్ పాటిస్తోందా సునందా?" అన్నారు డాక్టర్. "జనమే భయపడి ఇళ్లల్లో పడుకుంటున్నారు. మన పాత పేషెంట్ల నంబర్లు తియ్యి."

అలా రోజుకు ముప్పై ఫోన్లు చేసేదాన్ని. నాకిష్టమైన నంబరు సదాశివ్ పేఠ్‌లో ఉండే వామన్‌రావు కర్వేగారిది. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. మనం బాబాయ్, పిన్ని అన్నట్టు ఆయన్ను కాకా అనీ, భార్య ఇందుతాయిని కాకూ అనీ పిలిచేదాన్ని. నాది నాగపూర్ మరాఠీ, పుణె వాళ్ల చెవికి మోటు. "ఆ మాటకు కాలూ చెయ్యీ విరిచేశావు, ముందు దానికి కట్టు కట్టమ్మా" అని కాకా రోజూ ఏడిపించేవారు.

ఆ గురువారం ఫోన్ కాకూ ఎత్తింది.

"కాకా ఏరీ?"

"కుర్చీలో ఉన్నారమ్మా. ఇవాళ ఎంత బుద్ధిమంతుడో! అటుకుల పోహేలో ఉప్పు మరిచిపోతే ఒక్క మాట అనలేదు." ఆవిడ మురిసిపోతోంది.

తప్పు దొరికితే వదలని మనిషి ఒక్క మాట అనకపోవడమేమిటి? "కాకూ, ఆయన్ని రెండు చేతులూ పైకెత్తమనండి."

"ఏమండీ, సునంద చేతులెత్తమంటోంది... కుడిది లేవట్లేదే. తిమ్మిరెక్కినట్టుంది. కాస్త నూనె రాస్తే..."

"నూనె వద్దు! ఆయన చివరిసారి మామూలుగా మాట్లాడిందెప్పుడు?"

"తొమ్మిదింటికి. మాస్కు ముక్కు కింద పెట్టుకున్నాడని పాలవాడితో పోట్లాడారు."

గడియారం పదకొండు దాటింది. పక్షవాతమే అయితే, మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అప్పట్నుంచి నాలుగున్నర గంటల్లోపే పడాలి.

"అంబులెన్సు పంపుతున్నాను."

"వద్దే తల్లీ! అక్కడికొస్తే ఆ రోగం అంటుకుంటుంది. పక్కింటి దేశ్‌పాండేని తీసుకెళ్లి, మళ్లీ మొహం కూడా చూపించలేదు."

"ఆ భయం నాకూ ఉంది కాకూ. నా కూతుర్ని చూసి మూడు వారాలైంది. మా గేటు వేరు, మంచం వేరు. నేనే పక్కన కూర్చుంటాను. ఇంట్లో ఉంచారంటే ఆ చెయ్యీ, ఆ మాటా మళ్లీ రాకపోవచ్చు."

ఆవిడ నెమ్మదిగా, "చొక్కా మార్చనా?" అంది.

"ఉన్న చొక్కాతోనే పంపండి. మాత్రల డబ్బా మాత్రం మర్చిపోకండి."

వాళ్ల సందుకు అడ్డంగా వెదురు బొంగులు కట్టేశారు. వారాలుగా తలుపు తీయని ఇరుగుపొరుగు వాళ్లే బయటికొచ్చి తాళ్లు కోసి దారిచ్చారట. పన్నెండుకు బండి మా గేటు చేరింది. తల నుంచి కాలి దాకా ప్లాస్టిక్‌లో ఉన్న మమ్మల్ని చూసి కాకా బెదిరిపోయారు. "నేను సునందని" అన్నాను. ఎడమ చేత్తో నా గ్లవుజు పట్టుకుని, స్కానింగ్ బల్ల ఎక్కేదాకా వదల్లేదు.

స్కానింగ్‌లో మెదడులో రక్తస్రావం కనబడలేదు, అంటే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. పన్నెండున్నరకు డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడింటికి కుడి చేతి వేళ్లు కదిలాయి. మర్నాడు పొద్దున, "ఇందూ" అన్నారు.

వెంటనే వీడియో కాల్ చేశాను. కాకూ ఫోన్‌ను మొహానికి ఎంత దగ్గరగా పెట్టుకుని ఏడ్చిందంటే, ఆయనకు ఆవిడ ముక్కు ఒక్కటే కనిపించింది. అయినా దాన్నే కన్నార్పకుండా చూశారు.

ఏడో రోజు కర్ర ఊతతో, తనంతట తానే అంబులెన్సు ఎక్కారు. తీసుకెళ్లడానికొచ్చిన కాకూ, దూరం పాటించాలి కదా అని ఎదుటి సీట్లో కూర్చుంది. బండి కదిలేలోపే లేచివచ్చి, ఆయన పక్కన సర్దుకుంది.